కట్టుబట్టలతో సాము

తెలుగున ‘నడుము బిగించుట’ యను పలుకుబడి కలదు. ‘కొంగు బిగించుట’ దానికి తోబుట్టువు. ఏదేని యొక కార్యమునకు దృఢముగా పూనుకొన్నవారిని గూర్చి మనము నేటికిని ఈ మాటలను వాడుచున్నాము. పనికొక దుస్తు, పోరుకొక దుస్తు సామాన్యునికి ఏనాడును లేవు. పొలమున కట్టిన పంచెయే, నీళ్లు తోడునప్పుడు కట్టిన చీరయే, ఆపద వచ్చినప్పుడును ఒంటిమీద నుండును. దానినే పైకి దోపి, నడుమునకు బిగించి, నిలద్రొక్కుకొనుట తప్ప వేరు దారి లేదు. ఈ సంగతిని మన భాష మరువక తనలో దాచుకొన్నది. నేను ఈనాడు మీతో ముచ్చటింపదలచినది దానిని గూర్చియే.

నేను తెలుగు పాఠము చెప్పు ఉపాధ్యాయురాలను. అయినను గడచిన రెండు సంవత్సరములుగా ప్రతి శనివారము బడి విడిచిన పిదప మన పాఠశాల ఆవరణమున బాలికలకు జరుగుచున్న ఆత్మరక్షణ శిక్షణలో శిక్షకురాలికి తోడుగా ఉంటున్నదానను. తల్లిదండ్రులలో కొందరు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. “పట్నములో కరాటే నేర్చు పిల్లలు తెల్లని దుస్తులు తొడిగి, నడుమునకు పట్టీ కట్టి, వట్టికాళ్లతో చాపమీద నేర్చుకొందురు గదా! మన పిల్లలు మాత్రము బడి బట్టలతో, చెప్పులతో, మట్టినేలమీద నేర్చుకొనుట ఏల?” ప్రశ్న న్యాయమైనదే. ఖర్చు లేకుండుట యొక కారణమే గాని ముఖ్యకారణము అది కాదు. ఆ ముఖ్యకారణమును వివరించుట నా విధి యని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సమాధానము వెదకుటకు మనము నాందేడు విడిచి పోనక్కరలేదు. తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ సాహిబ్ గురుద్వారమును ఎరుగని పిల్లలు మన ఊరిలో నుండరు. సిక్కుల పదవ గురువగు గురు గోవిందసింహుడు 1708లో ఇచ్చటనే దేహము చాలించెను. మహారాజా రంజిత్ సింహుడు 1832, 1837 సంవత్సరముల నడుమ ఈ గురుద్వారమును కట్టించెను. హోలీ వేళ జరుగు హోలా మహల్లా ఊరేగింపును మీలో పెక్కురు చూచియుందురు. అందు నిహంగు సిక్కులు గత్కా సాము చూపుదురు. ఒక చేత కర్ర, మరియొక చేత ‘ఫరీ’ యను చిన్న డాలు పట్టుకొని, ఎదుటివాని దెబ్బను డాలుతో కాచి, కర్రతో బదులిచ్చుచుందురు. మన పిల్లలు ఆ కర్రల చప్పుడునకు మురిసిపోవుదురు. ఈ మారు చూచునప్పుడు కర్రలను గాక వారి దుస్తులను పరిశీలింపుడు.

వారి నీలి నిలువుటంగీ ప్రదర్శన కొరకు తొడిగినది కాదు. నిహంగులు నిత్యము ధరించు ‘బాణా’ యదియే. అంగీ వదులుగా నుండును. కాని నడుమున ‘కమర్‌కస్సా’ యను పొడవైన గుడ్డను బిగించి కట్టుదురు. మన ‘నడుము బిగించుట’కు అది చక్కని ఉదాహరణము. లోపల తొడుగు ‘కచ్ఛెరా’ మోకాలిని అడ్డగింపదు; కనుక పెద్ద అడుగు వేయుటకును, గుర్రమెక్కుటకును ఇబ్బంది లేదు. వారికి సాము దుస్తు వేరు, సంసారపు దుస్తు వేరు కాదు. ఏ దుస్తులో నడచుచున్నారో ఆ దుస్తులోనే విద్య నేర్చుకొనుటచే, వారి అడుగునకు ఆ గుడ్డ బరువును, పొడవును బాగుగా తెలిసియున్నవి.

ఇది యొక్క సిక్కులకే చెల్లునని అనుకొనకుడు. మన మహారాష్ట్రమున కొల్హాపురము మర్దానీ ఖేళ్‌కు ప్రసిద్ధి. కర్ర, కత్తి, దాండ్‌పట్టాలతో ఆడు ఆ సామును స్త్రీలు తొమ్మిది గజముల చీరను కాష్టా పోసి కట్టుకొని ఆడుదురు. మన తెలుగు పల్లెలలో నాట్లు వేయు తల్లులు గోచి బిగించి మడిలో దిగునట్టిదే ఆ కట్టు. కేరళమున వడకర యను ఊరిలో కళరిపయట్టు నేర్పు మీనాక్షి అమ్మగారికి 2017లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. ఏడేండ్ల ప్రాయముననే ఆ విద్య ప్రారంభించిన ఆమె, డెబ్బది యేండ్లు దాటిన పిదపను, చీర కట్టుకొనియే కర్రయు కత్తియు త్రిప్పుచు శిష్యులకు నేర్పినది. చీర కట్టిన స్త్రీ తన్ను తాను కాచుకొనజాలదనువారు ఆమెను చూడవలెను.

తెల్లదుస్తులను నేను చిన్నచూపు చూచుట లేదు. వాని చరిత్రయు మనము చెప్పుకొను మాటకే సాక్ష్యమిచ్చుచున్నది. జపాను దేశమున కానో జిగోరో యను విద్వాంసుడు 1882లో జూడో శిక్షణాలయమును స్థాపించెను. జూడోలో పట్టుకొను తెల్లని అంగీ ముందుభాగము ఒకదానిపై నొకటి మడచి, నడుమున పట్టీ కట్టునట్టిది. ఆ కాలపు జపనీయుల కిమోనో కట్టును అది పోలియుండును. ఎదుటివాని కాలరు, చేతిగుడ్డ పట్టి పడవేయుట నేర్పుటకు చిరుగని దట్టమైన గుడ్డ కావలసివచ్చినది. ఒకినావా ద్వీపమున కరాటేకు మొదట ప్రత్యేక దుస్తు లేకుండెను. ఫునాకోషి గిచిన్ 1922లో ఆ విద్యను టోక్యోకు కొనిపోయిన పిదపనే జూడో దుస్తువంటిది కరాటేకును వచ్చినది. అనగా ఆ దుస్తు ఒకనాటి జపాను వీథిలోని బట్టకు దగ్గరి చుట్టము. నాందేడు వీథిలో తిరుగు మన పిల్లలకు మాత్రము అది దూరపు చుట్టము.

లండను నగరపు కథ యొకటి చెప్పెదను. స్త్రీలకు ఓటుహక్కు కావలెనని అచ్చట ఉద్యమము సాగుచున్న దినములలో ఎడిత్ గ్యారుడ్ అను స్త్రీ తోటి స్త్రీలకు జపాను విద్యయగు జుజుత్సును నేర్పినది. సభలలో తమ నాయకురాలిని అరెస్టు చేయుటకు పోలీసులు వచ్చినప్పుడు ఆమెను కాపాడుటకై 1913లో ఒక స్త్రీల దళము ఏర్పడినది. గ్యారుడ్ వారికి శిక్షణ నిచ్చినది. ఆనాటి ఆంగ్ల స్త్రీల వస్త్రము చీలమండల వరకు దిగు గౌను. అట్టి గౌనును, టోపీని ధరించియే, పోలీసు దుస్తులలోనున్న పురుషుని ఆమె పట్టి వంచుచున్న ఛాయాచిత్రములు నేటికిని నిలిచియున్నవి. వీథిలో పోలీసువాడు దుస్తులు మార్చుకొని రండని ఆగడు గదా!

ఇక నా అనుభవము. నేను తెలుగు పండిత శిక్షణను హైదరాబాదున పొందితిని. వసతిగృహమున నున్న మాకు సాయంకాలములందు ఒక కరాటే శిక్షకుడు ఆరు నెలలు నేర్పెను. తెల్లదుస్తు, మెత్తని చాప, వట్టికాళ్లు. మణికట్టు విడిపించుకొనుట, ప్రక్కకు తిరుగుట, పడినను దెబ్బ తగులకుండ పడుట, ఇవన్నియు నాకు ఇష్టమైన పాఠములు. సెలవులకు ఇంటికి వచ్చుచు ఒక సాయంకాలము రైలు దిగితిని. ఒంటిమీద నూలు చీర, కాళ్లకు మడమ యెత్తైన చెప్పులు, భుజమున సంచి. జనసమ్మర్దములో ఎవడో సంచిని వెనుకనుండి గట్టిగా లాగెను. నేర్చినట్లే తిరిగితిని. తిరిగిన అడుగు కుచ్చెళ్లలో చిక్కుకొన్నది; చెప్పు ప్రక్కకు ఒరిగినది; మోకాలు గచ్చుకు తగిలినది. నా కేకకు నలుగురు కూడగా వాడు సంచి విడిచి పరుగెత్తెను. పుస్తకములు దక్కినవి, మోకాలికి మచ్చ మిగిలినది.

తెల్లదుస్తులలో చక్కగా సాగిన ఆ అడుగు చీరలో ఎంతవరకు సాగునో నా కాలికి ఎవరును చెప్పలేదు. ఆ సెలవులలో ఇంటి మేడమీద చీర కట్టుకొనియే అభ్యాసము మొదలిడితిని. కుచ్చెళ్లను ఎడమచేత రెండంగుళములు పైకెత్తిన అడుగు ఎంత సాగునో, కొంగును నడుమున దోపిన చేతులు ఎట్లు తేలికపడునో, కాలు మోకాలి యెత్తు దాటి లేవనప్పుడు ఏమి చేయవచ్చునో ఒక్కొక్కటిగా తెలిసినది. ఎత్తుగా తన్నుట చీరకు తగదు. ముందడుగు వేసి, చెప్పు అంచుతో ఎదుటివాని మోకాలి క్రింద తన్ని, వెనుకకు జరిగి పరుగెత్తుట తగును.

మన పాఠశాలలో ఈ పద్ధతిని మొదలిడుటకు వేరొక కారణమును కలదు. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె రోజును రెండు మైళ్లు నడచి వచ్చుచుండెడిది. దారిలో కొందరు కుర్రవాండ్రు వెంటపడుచున్నారని తెలిసి ఇంటివారు బడి మాన్పింపదలచిరి. నేను వారి ఇంటికి పోతిని. శిక్షణ సంగతి చెప్పగా ఆ తండ్రి, “మేడమ్, పిల్లను చదివిపిద్దామనే మాకూ ఉన్నది. కని ఆ ప్యాంటు తొడుక్కొని నలుగురి ముంగట ఎగురుడు మా ఇంట్ల పడది” అనెను. “అన్నా, మీ బిడ్డ రోజూ ఏ బట్టలతో బడికి వస్తదో ఆ బట్టలతోనే నేర్చుకుంటది. ఒక్క నూలుపోగు గూడ మార్చేది లేదు” అంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, భార్యవంక చూచెను. ఆ తల్లి, “అట్లయితే పంపుదాం” అనెను. తెల్లదుస్తు మూయునట్టి తలుపును బడి బట్ట తెరచినది.

ఆపద కలిగిన ఆడుపిల్లను మన సమాజము మొదట అడుగు ప్రశ్న “ఏమి బట్టలు కట్టుకొన్నావు?” అనునది. ఇది అన్యాయమైన ప్రశ్న. నేరము దారి కాచినవానిది. బట్టది కాదు, బాలికది కాదు. మన పిల్లలు ఈ విషయమున తల వంచుకొనరాదు. “రోజూ కట్టుకొను బట్టలే కట్టుకొన్నాను, వానితోనే తప్పించుకొంటిని” అని చెప్పగలిగియుండవలెను.

ఇప్పుడు శనివారపు పాఠము ఎట్లు నడచునో చెప్పెదను. మొదట చెప్పులు. వాన తడిసిన నేలమీద రబ్బరు చెప్పు జారును. పరుగున మడమనుండి విడిపోవును. కనుక పిల్లలు రెండు పనులు నేర్చుచున్నారు. చెప్పులతోడనే పొట్టి అడుగులతో వెనుకకు జరుగుట మొదటిది. పరుగు తప్పనప్పుడు ఒక్క విదిలింపున రెండు చెప్పులను వదలిపోవుట రెండవది. వదలిన చెప్పులకై వెనుకకు తిరిగి చూడరాదని తల్లులును ఇంట చెప్పవలెను. క్రొత్త చెప్పులు పోయినవని పిల్లను కోపించు ఇంట ఆ పిల్ల తప్పక వెనుకకు తిరుగును. బూట్లు వేసికొన్నవారికి గట్టి అట్ట యొక బలము. వెనుకనుండి పట్టుకొన్నవాని పాదముపై దానితో త్రొక్కవచ్చును.

రెండవది చున్నీ. రెండు భుజములకు పిన్నీసులు పెట్టిన చున్నీని వెనుకనుండి లాగినచో అది మెడకు ఉరివలె బిగియును. అప్పుడు గడ్డమును రొమ్మునకు ఆనించి, మెడవద్ద గుడ్డను రెండు చేతులతో పట్టి వదులు చేయుచు, లాగినవాని వైపునకే తిరుగవలెను. దూరముగా గుంజుకొనిన కొలది ఉరి బిగియును. పిన్నీసు ఒక ప్రక్కనే పెట్టుకొన్నచో చున్నీ వాని చేతిలోనే మిగిలిపోవును, పిల్ల దక్కును.

మూడవది జడ. జడ పట్టి లాగినవాని పిడికిలిని మన రెండు చేతులతో తలకే అదిమిపట్టవలెను. నొప్పి తగ్గును, వాని చేయి మన వశమున నుండును. ఆ మీదట వానివైపు తిరిగి, మోకాలి క్రింద తన్ని విడిపించుకొనవలెను. నాల్గవది పుస్తకముల సంచి. దానిని వీపునుండి రొమ్ముమీదికి త్రిప్పినచో అది నిహంగుల ఫరీవలె డాలగును. సంచినే లాగుచున్నచో పట్టీలనుండి భుజములు జార్చి సంచిని వదలవలెను. పుస్తకములు మరల కొనవచ్చును.

ఇది మా ఊహ మాత్రమే కాదు. సమగ్ర శిక్షా పథకమున రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ మను పేర 6 నుండి 12 తరగతుల బాలికలకు మూడు నెలల శిక్షణ ఏర్పాటు చేయబడినది. తాళపుగుత్తి, చున్నీ, సంచి, కలము, నోటుపుస్తకము వంటి నిత్యవస్తువులనే ఆయుధములుగా వాడుట నేర్పవలెనని అందును చెప్పబడియున్నది. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటమున పల్లెస్త్రీలు కారపుపొడిని, రోకళ్లను పట్టి నిలిచిరి. చేతికందినదే ఆయుధమనుట మన తల్లులకు క్రొత్త గాదు.

అయిదవ పాఠము కేక. మొదటి శనివారమున శిక్షకురాలు “కేక వేయుడు” అనగా పెక్కుమంది బాలికలకు గొంతు పెగలలేదు. పెగలినవారు “అమ్మా!” అనిరి. భయమున నోట వచ్చునది తల్లిభాషయే. అది మన నిత్యవస్త్రము వంటిది, దానికి సిగ్గుపడ నక్కరలేదు. కాని నాందేడు బజారున “అమ్మా” యను కేక విన్నవాడు కాలికి ముల్లు గుచ్చుకొన్నదని తలచి పోవచ్చును. కనుక మన పిల్లలు మూడు భాషలలో కేక వేయుట సాధన చేయుచున్నారు: తెలుగున “కాపాడండి!”, మరాఠీలో “వాచవా!”, హిందీలో “బచావో!”. ఊరక జనమును పిలుచుటకంటె ఒక్కని పిలుచుట మేలు. “నీలి చొక్కా దాదా, ఇక్‌డే యా!” అన్నచో ఆ నీలి చొక్కావాడు ఆగక తప్పదు. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు వైపులనుండి వచ్చు పిల్లలకు ఇది మరింత అవసరము. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ వారి నిత్యజీవనము. 112 అను అత్యవసర సంఖ్యను, పిల్లల సహాయమునకై 1098 అను సంఖ్యను కంఠస్థము చేయించుచున్నాము.

జాగ్రత్తలును కలవు. మొదటి వారములలో పడుట, లేచుట మెత్తని ఇసుకమీదనే నేర్పుదుము. గాజులు, చెవిరింగులు, కళ్లద్దములు తీసి ప్రక్కన పెట్టవలెను. మెడ గుడ్డను అభ్యాసమున ఎవరును బలముగా లాగరాదు. జతగత్తె చేతితో తట్టగనే విడిచిపెట్టవలెను. బట్టలు చిరుగకుండ గతసంవత్సరపు పాత యూనిఫారము తెచ్చుకొనిన చాలును.

చట్టమును తెలిసికొనవలెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును చెప్పుచున్నవి. అవసరమునకు మించిన హాని చేయరాదనుట అందలి నియమము. పారిపోవుటకు దారి దొరకిన క్షణముననే మన సాము ముగిసినది. నిలిచి కొట్టుట మా పాఠములో లేదు. ఈ సంగతిని బాలురకును చెప్పవలెను. ఈ సంవత్సరమునుండి ఎనిమిదవ తరగతి బాలురును వచ్చుచున్నారు. వారికి మొదటి పాఠము, దారిలో ఎవడైన ఒక బాలిక వెంటపడుచుండగా చూచి నవ్వక, ఆమె ప్రక్కన నిలిచి పెద్దలను పిలుచుట.

పైన చెప్పిన ఆ బాలిక ఇప్పుడు పదవ తరగతిలో నున్నది. మొన్నటి వానకాలమున దారిలో సైకిలుపై వచ్చినవాడొకడు ఆమె చున్నీ పట్టి లాగెనట. ఆమె వానివైపు తిరిగినది, చున్నీ వాని చేతిలోనే జారిపోయినది, “దాదా, ఇక్‌డే యా!” అని దగ్గరి చాయ్ దుకాణమువానిని కేక వేయుచు అటు పరుగెత్తినది. సైకిలువాడు పారిపోయెను. మరునాడు ఆమె యథాప్రకారము బడికి వచ్చినది. నా తరగతిలో ముందువరుసన కూర్చుండి ఛందస్సులో గణవిభజన చేసినది. ఇంటివారు బడి మాన్పింపలేదు. నాకు అంతకంటె కావలసినది లేదు.

తల్లిదండ్రులకు నా విన్నపము. ఏ శనివారమైనను వచ్చి చూడుడు. పిల్లలకు ప్రత్యేకముగా ఏమియు కొననక్కరలేదు. రోజును తొడుగు బట్టలతో, రోజును వేసికొను చెప్పులతో పంపుడు. తల్లులు చూచుటకు మాత్రమే గాక నేర్చుకొనుటకును రావచ్చును. గతమాసమున ముగ్గురు తల్లులు వచ్చి గోడప్రక్కన నిలిచిరి. అరగంట చూచిన పిదప వారిలో పెద్దామె చేతిసంచిని నేలపై పెట్టి, చీరకొంగు నడుమున దోపుకొని, “ఏదీ, ఆ జడ విడిపించుకొనుడు నాకూ చూపండి” అని పిల్లల వరుసలోనికి వచ్చినది.